లేజర్‌తో కంటిలో రక్తప్రవాహం కొలవడం: ఆరోగ్యమైన కళ్ళ మీద ఎల్‌ఎస్‌ఎఫ్‌జీ మొదటి నుంచి చివరి దాకా

ఆప్టోమెట్రీ, ఆఫ్తల్మాలజీ చదువుతున్నవాళ్ళు, లేదా రీసెర్చ్ ప్రాజెక్ట్‌లో పడి "లేజర్ స్పెకిల్ ఫ్లోగ్రఫీ (ఎల్‌ఎస్‌ఎఫ్‌జీ) మెషీన్ ఉంది, నువ్వే ఆపరేట్ చెయ్యి" అని చెప్పించుకున్నవాళ్ళు, వాళ్ళ కోసం రాస్తున్నా ఇది. మెషీన్ బటన్లు నొక్కడం అరగంటలో వచ్చేస్తుంది, అందులో పెద్ద విద్య ఏం లేదు. అసలు పనంతా బటన్ నొక్కే ముందు, నొక్కిన తర్వాత ఉంటుంది. స్క్రీన్ మీద వచ్చే అంకె నిజానికి సెకనుకి ఇన్ని మిల్లీమీటర్లు అని చెప్పే స్పీడ్ కాదు, దానికి యూనిట్ కూడా లేదు, కాబట్టి ప్రతిసారీ ఒకే రకంగా తీస్తేనే దానికి విలువ, లేకపోతే అది ఉత్త రంగుల బొమ్మే.

ముందు అసలు ఏం కొలుస్తున్నామో చూద్దాం

కంటికి వెళ్ళే రక్తంలో చాలా పెద్ద భాగం, సుమారు 85 శాతం, కోరాయిడ్‌కే, అంటే రెటీనా వెనక ఉండే రక్తనాళాల పొరకే పోతుంది. రెటీనాకి దక్కేది 5 శాతం లోపే. రెటీనా లోపలి పొరలకి సెంట్రల్ రెటీనల్ ఆర్టరీ నుంచి, బయటి పొరలకి కోరాయిడ్ నుంచి రక్తం అందుతుంది. ఆప్టిక్ డిస్క్ (కంటి నరం బయటికి పోయే చోటు) దగ్గర కథ కాస్త కలగాపులగం, ఉపరితలానికి రెటీనా వైపు నుంచి, లోపలికి సీలియరీ ఆర్టరీల వైపు నుంచి వస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తీసిన బొమ్మ మీద కొలవాల్సిన చోటని మీరు ఎక్కడ గుండ్రం గీస్తారో దాన్ని బట్టి మీరు కొలిచే రక్తం ఎవరిదో మారిపోతుంది.

లేజర్‌తో కంటి రక్తప్రవాహం కొలవడం కొత్తదేం కాదు. 1972లో ఛార్లెస్ రీవా వాళ్ళు కుందేలు రెటీనా రక్తనాళాల్లో లేజర్ డాప్లర్‌తో రక్తం స్పీడ్ కొలిచారు, తర్వాత 1974లో మనుషుల రెటీనాలో కొలిచారు. 1981లో ఫెర్చర్, బ్రయర్స్ ఇద్దరూ స్పెకిల్ ఫోటోలతో ప్రవాహాన్ని బొమ్మగా చూపించొచ్చని రాశారు. జపాన్‌లో క్యుషు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హితోషి ఫుజీ టీమ్ దాన్ని కంటికి పనికొచ్చే మెషీన్ దాకా తెచ్చింది, ఇప్పుడు ఎక్కువ పేపర్లలో కనిపించే ఎల్‌ఎస్‌ఎఫ్‌జీ-నావి ఫుకువోకాలో ఉన్న సాఫ్ట్‌కేర్ కంపెనీది. నేను చెప్పే స్టెప్పులు ఎక్కువగా ఆ తరహా మెషీన్‌ని మనసులో పెట్టుకుని చెప్తున్నవే.

పని చేసే పద్ధతి ఇదీ. 830 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్ కంటి వెనక భాగం మీద పడుతుంది, అక్కడి నుంచి చెదిరి వెనక్కి వచ్చే కాంతి తరంగాలు ఒకదాంతో ఒకటి కలిసి చుక్కలు చుక్కలుగా ఇసక చల్లినట్టు ఒక ప్యాటర్న్ తయారవుతుంది, దాన్నే స్పెకిల్ అంటారు. ఎర్ర రక్తకణాలు కదులుతుంటే ఆ చుక్కలు కూడా మారుతూ పోతాయి. కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి కొంత సేపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి రక్తం స్పీడ్‌గా ఉన్న చోట చుక్కలు అలుక్కుపోతాయి, నెమ్మదిగా ఉన్న చోట స్పష్టంగా నిలబడతాయి. తిరుగుతున్న ఫ్యాన్‌ని ఫోటో తీస్తే రెక్కలు అలుక్కుపోతాయి చూడండి, అదే లెక్క. ఎంత అలుక్కుపోయిందో అంకెలోకి మారిస్తే వచ్చేదే మీన్ బ్లర్ రేట్, అందరూ ఎంబీఆర్ అంటారు. సెకనుకి 30 ఫ్రేముల చొప్పున దాదాపు 4 సెకన్లు, మొత్తం 118 ఫ్రేములు తీస్తుంది, అంటే నాలుగైదు గుండె చప్పుళ్ళు అందులో పడతాయి. డై ఇంజెక్షన్ అక్కర్లేదు, కంటిని ఏదీ తాకదు.

ఓసీటీ ఆంజియోగ్రఫీ (ఓసీటీఏ, కాంతితో రెటీనా పొరల్ని స్కాన్ చేసి రక్తనాళాల్ని చూపించే పద్ధతి) ఉందిగా, ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. ఓసీటీఏ రక్తనాళాల అల్లికని అద్భుతంగా చూపిస్తుంది, కానీ మామూలుగా వాడే పద్ధతిలో ఎంత స్పీడ్‌గా పారుతోందో చెప్పదు, పారుతోందా లేదా అన్నదే చెప్తుంది. డాప్లర్ ఓసీటీ అయితే నిమిషానికి ఎన్ని మైక్రోలీటర్లు అని నిజమైన యూనిట్‌లో చెప్పగలదు, కాకపోతే కాంతి కిరణానికీ రక్తనాళానికీ మధ్య కోణం సరిగ్గా తెలియాలి, అక్కడే తలనొప్పి. స్పెకిల్ పద్ధతి బలం ఏంటంటే గుండె కొట్టుకునే ప్రతి దశలోనూ ప్రవాహం ఎలా పెరిగి తగ్గుతోందో పెద్ద ఏరియాలో ఒకేసారి చూపిస్తుంది.

స్టెప్ 1: "ఆరోగ్యమైన కన్ను" అంటే మీ లెక్కలో ఏంటో రాసుకోండి

ఇది బోర్ అనిపిస్తుంది కానీ ఇక్కడ వదిలేస్తే చివర్లో డేటా మొత్తం అనుమానంలో పడుతుంది. చూపు, రిఫ్రాక్షన్, కంటి ప్రెషర్, స్లిట్ ల్యాంప్, ఫండస్, వీలైతే ఓసీటీలో నర్వ్ ఫైబర్ లేయర్ మందం, ఇవన్నీ నార్మల్‌గా ఉండాలి. షుగర్, బీపీ, గుండె జబ్బులు, మైగ్రేన్, వీటి గురించి అడగండి, వాడే మందులు కూడా అడగండి, ఎందుకంటే బీటా బ్లాకర్లు (బీపీకి, గుండెకి వాడే మందులు) లాంటివి నేరుగా రక్తప్రవాహాన్ని కదిలిస్తాయి. పొగ తాగేవాళ్ళని వేరే గ్రూపులో పెట్టండి లేదా తీసుకోకండి. ఎక్కువ మయోపియా ఉన్న కన్ను పొడుగ్గా ఉంటుంది, డిస్క్ వాలిపోయి ఉంటుంది, బొమ్మ సైజు కూడా మారుతుంది, అందుకే చాలా స్టడీల్లో 6 డయాప్టర్లు దాటినవాళ్ళని పక్కన పెడతారు. యాక్సియల్ లెంగ్త్ (కంటి ముందు నుంచి వెనక దాకా పొడుగు) కొలిచి రాసి పెట్టుకుంటే తర్వాత ఎవరైనా ప్రశ్న వేసినా సమాధానం ఉంటుంది.

వయసు తప్పకుండా రాయాలి. వయసు పెరిగేకొద్దీ అన్నీ నార్మల్‌గానే ఉన్న కళ్ళలో కూడా పల్స్ వేవ్ (ఒక్కో గుండె చప్పుడుకి ప్రవాహం లేచి దిగే గ్రాఫ్) ఆకారం మారుతుంది, కాబట్టి ఇరవైల్లో ఉన్నవాళ్ళని నార్మల్ గ్రూప్ కింద తీసుకుని అరవైల్లో ఉన్న పేషెంట్లతో పోల్చడం అన్యాయం. ఇలాంటి పోలికలు చూసినప్పుడల్లా నాకు చిరాకే.

స్టెప్ 2: మనిషిని రెడీ చెయ్యడం

ముందు రోజే ఫోన్ చేసి చెప్పాల్సినవి: టెస్ట్‌కి ముందు కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు వద్దు, సిగరెట్ వద్దు, మద్యం వద్దు, జిమ్‌లో చెమటలు కక్కి నేరుగా రావొద్దు. కెఫీన్ రక్తనాళాల్ని బిగిస్తుంది, ఎక్సర్‌సైజ్ బీపీని లేపుతుంది. ఎన్ని గంటలు ఆపాలి అన్నది మీ ప్రోటోకాల్‌లో ఒకటి ఫిక్స్ చేసి అందరికీ అదే పాటించండి.

వచ్చాక కనీసం 10 నుంచి 15 నిమిషాలు కూర్చోబెట్టండి. ఫోన్ చూడకుండా ఉంటే మంచిది, ఎవరూ వినరు అనుకోండి. గది వెలుతురు, టెంపరేచర్ అందరికీ ఒకేలా ఉండాలి. టైమ్ కూడా అంతే, కంటి ప్రెషర్, బీపీ రెండూ రోజులో మారుతూ ఉంటాయి, అందుకని ఒకే మనిషిని మళ్ళీ పిలిస్తే మొదటిసారి పొద్దున తీసుంటే రెండోసారీ పొద్దునే తియ్యండి.

కనుపాప పెద్దది చెయ్యాలా వద్దా అన్నది పెద్ద చర్చే. చెయ్యకుండా తీసినా బొమ్మ వస్తుంది, పెద్దది చేస్తే సిగ్నల్ నిలకడగా ఉంటుంది. చేస్తే ట్రోపికమైడ్ ఒక్కటే వెయ్యండి, ఫినైలెఫ్రిన్ కలిపిన చుక్కలు వద్దు, ఎందుకంటే అది రక్తనాళాల్ని బిగించే మందు, మనం కొలవబోయే దాన్నే కదిలించేసి తర్వాత కొలిచినట్టు అవుతుంది. చుక్కలు వేసే ముందు కంటి ముందు గది కోణం ఇరుకుగా లేదని చూస్కోండి. చుక్క వేసి 20-30 నిమిషాలు ఆగండి, ఆ రెస్ట్ టైమ్ ఎలాగూ కావాల్సిందే, రెండూ ఒకేసారి అయిపోతాయి. తర్వాత కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి నడపొద్దని ముందే చెప్పండి, అన్నీ అయ్యాక చెప్తే వాళ్ళకి కోపం రావడం న్యాయమే.

స్టెప్ 3: ఏది ముందు, ఏది తర్వాత

ఫండస్ ఫోటో ఫ్లాష్ ముందు కొట్టకండి. వెలుతురు రెటీనా పని పెంచుతుంది, మినుకుమినుకుమనే లైట్ చూపిస్తే ఆరోగ్యమైన రెటీనాలో రక్తప్రవాహం పెరగడం ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. అలాగే గోల్డ్‌మన్ టోనోమీటర్‌తో (కార్నియాకి తాకించి చూసే మెషీన్) కంటి ప్రెషర్ ముందే చూస్తే మత్తు చుక్కలు, ఫ్లోరెసీన్, పైన తగిలిన ప్రోబ్, అన్నీ కలిసి కార్నియా పైపొరని పాడుచేస్తాయి, బొమ్మ మసకబారుతుంది. కాబట్టి ముందు బీపీ, తర్వాత ఎల్‌ఎస్‌ఎఫ్‌జీ, ఆ వెంటనే కంటి ప్రెషర్, ఫోటోలు ఆఖర్న.

బీపీ, కంటి ప్రెషర్ ఎందుకంటే ఆక్యులర్ పర్ఫ్యూజన్ ప్రెషర్ (కంట్లోకి రక్తాన్ని నెట్టే ప్రెషర్) లెక్కకట్టాలి. కూర్చున్న మనిషికి ఫార్ములా: సగటు బీపీలో మూడింట రెండు వంతుల్లోంచి కంటి ప్రెషర్ తీసెయ్యాలి. ఉదాహరణకి బీపీ 118/76, కంటి ప్రెషర్ 14 అనుకోండి. రెండు బీపీల తేడా 42, దాన్లో మూడో వంతు 14, కింది బీపీ 76కి కలిపితే సగటు 90. 90లో మూడింట రెండు వంతులు 60, అందులోంచి 14 తీస్తే 46 మిల్లీమీటర్ల మెర్క్యురీ. ఆరోగ్యమైన కంట్లో ఈ అంకె కొంచెం అటూ ఇటూ అయినా రెటీనా, డిస్క్ తమ రక్తనాళాల్ని బిగించి వదిలి ప్రవాహాన్ని సర్దుకుంటాయి, దాన్నే ఆటోరెగ్యులేషన్ అంటారు. ఎంబీఆర్ పక్కన ఈ అంకె లేకపోతే ఆ సర్దుబాటు జరిగిందో లేదో మీకు తెలిసే దారే లేదు.

స్టెప్ 4: బొమ్మ తియ్యడం

గడ్డం, నుదురు సరిగ్గా ఆనించండి. స్టూల్ ఎత్తు సరిచెయ్యండి, మెడ సాగదీసి కూర్చున్న మనిషి నాలుగు సెకన్లు కూడా కదలకుండా ఉండలేడు. లోపల కనిపించే గుర్తు వైపే చూడమని చెప్పండి, ఆ గుర్తుని జరిపి డిస్క్ గానీ మాక్యులా (రెటీనాలో సూటి చూపు ఇచ్చే మధ్య భాగం) గానీ ఫ్రేమ్ మధ్యలోకి తెచ్చుకోండి. ఏ పొజిషన్‌లో పెట్టారో రాసుకోండి, తర్వాతి విజిట్‌కి అదే కావాలి.

ఫోకస్ దగ్గర తొందరపడకండి. నా లెక్కలో డిస్క్ అంచు, దాని మీద నుంచి వంగి పోయే రక్తనాళాల గీతలు పదునుగా కనిపించేదాకా తిప్పుతూనే ఉండాలి. బొమ్మ ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా ఉంటే లేజర్ కనుపాప మధ్య నుంచి పోవట్లేదని అర్థం, మెషీన్‌ని ఒక పిసరు పక్కకి జరపండి. ఆ తర్వాత "రెండుసార్లు రెప్ప కొట్టండి, ఇప్పుడు కళ్ళు పెద్దవి చేసి కదలకుండా ఉండండి" అని చెప్పి వెంటనే నొక్కండి. రెప్ప కొట్టగానే కన్నీటి పొర సమంగా పరుచుకుంటుంది, పది సెకన్లు కన్ను తెరిచే ఉంచితే ఆ పొర చిరిగిపోయి బొమ్మ గరుకుగా వస్తుంది. ఊపిరి బిగబట్టొద్దని కూడా చెప్పండి, చాలామంది తెలియకుండానే బిగబడతారు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రక్తనాళాలు తెరుచుకుంటాయి.

ఒక్కో కంటికి కనీసం మూడు మంచి షాట్లు తియ్యండి. మంచి షాట్ అంటే మధ్యలో రెప్ప పడకూడదు, కన్ను గెంతకూడదు, పల్స్ గ్రాఫ్‌లో ప్రతి చప్పుడూ ఒకేలా లేచి దిగుతూ కనిపించాలి. ఒక చప్పుడు మాత్రం సూదిలా ఆకాశానికి లేచి ఉంటే అది గుండె పని కాదు, కన్ను గెంతడం. కన్ను కదిలితే చుక్కలు అలుక్కుపోతాయి, అలుక్కుపోతే మెషీన్ దాన్ని స్పీడ్ అనుకుంటుంది, అంతే. సాఫ్ట్‌వేర్ ట్రాకింగ్ కొంత సరిచేస్తుంది గానీ దాని మీద భారం వెయ్యకండి, ఆ షాట్ తీసేసి ఇంకోటి తియ్యండి. షాట్ పనికిరాదని తీసేసే రూల్ ముందే రాసి ఉండాలి, ఎంబీఆర్ అంకె చూశాక "ఇది బాలేదు" అని తీసెయ్యడం మొదలుపెడితే అది కొలత అనిపించుకోదు.

స్టెప్ 5: గుండ్రం గీయడం

ఇక్కడే మనిషికీ మనిషికీ తేడాలు ఎక్కువ వచ్చేది. డిస్క్ అంచు చుట్టూ ఒక గుండ్రం గాని కోడిగుడ్డు ఆకారం గాని పెడతాం. కొంచెం బయటికి పెడితే చుట్టూ ఉన్న కోరాయిడ్ సిగ్నల్ లోపలికి వచ్చేస్తుంది, లోపలికి పెడితే అంచున ఉన్న టిష్యూ పోతుంది. అంచు సరిగ్గా తెలియకపోతే అదే కంటి ఫండస్ ఫోటో పక్కన పెట్టుకుని గీయండి. ఒకే మనిషి అన్ని కళ్ళకీ గీస్తే బావుంటుంది, ఇద్దరు గీస్తే కొన్ని కళ్ళు ఇద్దరి చేతా గీయించి ఎంత తేడా వస్తోందో చూస్కోండి.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఒక థ్రెషోల్డ్ పెట్టి గుండ్రం లోపల ఉన్నదాన్ని రెండుగా విడదీస్తుంది: పెద్ద రక్తనాళాలు, మిగిలిన టిష్యూ. మొత్తం సగటుని ఎంఏ అని, రక్తనాళాల సగటుని ఎంవీ అని, టిష్యూ సగటుని ఎంటీ అని రాస్తారు. ఎంవీ ఎప్పుడూ ఎంటీ కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది, భయపడకండి. నన్నడిగితే డిస్క్ విషయంలో ఎంటీ చూడండి, కేపిలరీల్లో (వెంట్రుకల్లాంటి సన్నటి నాళాల్లో) ఏం జరుగుతోందో చెప్పేది అదే, ఎంఏ మాత్రం డిస్క్‌లో పెద్ద నాళాలు ఎంత జాగా ఆక్రమించాయన్న దాన్ని బట్టి ఊగుతుంది.

కోరాయిడ్ కావాలంటే మాక్యులా మధ్యలో పెద్ద నాళాలు లేని చోట ఒక చతురస్రం పెట్టండి. అక్కడ రెటీనా కేపిలరీల వాటా తక్కువ, మాక్యులా మధ్యలో ఉండే ఫోవియా అనే చిన్న గుంట నడిమధ్యలో అసలు ఉండవు, ఇన్‌ఫ్రారెడ్ కాంతి లోపలికి దిగిపోతుంది, కాబట్టి సిగ్నల్ ఎక్కువ భాగం కోరాయిడ్‌దే. దాన్ని "రెటీనా ప్రవాహం" అని రాస్తే రివ్యూయర్ వెంటనే పట్టుకుంటాడు.

స్టెప్ 6: వేవ్ ఆకారం చదవడం

సగటు ఎంబీఆర్ ఒక్కటే చూసి వదిలేస్తే ఈ మెషీన్ కొన్నదాంట్లో సగం వృధా. సాఫ్ట్‌వేర్ నాలుగు సెకన్లలో పడ్డ చప్పుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క చప్పుడు గ్రాఫ్ ఇస్తుంది. గరిష్ఠం 14, కనిష్ఠం 8, సగటు 11 వచ్చాయనుకోండి. బ్లోఅవుట్ స్కోర్‌కి గరిష్ఠం, కనిష్ఠం తేడా 6ని సగటుకి రెట్టింపు 22తో భాగించి, ఒకటిలోంచి తీసేసి 100తో గుణించాలి, 72.7 వస్తుంది. 100కి దగ్గరగా ఉంటే రెండు చప్పుళ్ళ మధ్యలో కూడా ప్రవాహం పడిపోకుండా నిలబడుతోందని. రెసిస్టివిటీ ఇండెక్స్ ఇంకా తేలిక, అదే తేడా 6ని గరిష్ఠం 14తో భాగిస్తే 0.43. బ్లోఅవుట్ టైమ్ అంటే ఒక చప్పుడులో ఎంత శాతం సేపు ప్రవాహం గరిష్ఠం, కనిష్ఠాల నడిమి ఎత్తుకి పైన ఉందో. వయసుతో బ్లోఅవుట్ స్కోర్ తగ్గుతూ, రెసిస్టివిటీ ఇండెక్స్ పెరుగుతూ పోతుంది, అంటే నాళాలు గట్టిపడి రక్తం పోటు పోటుగా వస్తోందని.

వీటిల్లో ఒక సుళువు ఉంది. ఇవన్నీ నిష్పత్తులు కాబట్టి యూనిట్ లేని బాధ చాలావరకు కొట్టుకుపోతుంది. ఎంబీఆర్ మీద కంటి రంగుపదార్థం, టిష్యూ కాంతిని ఎలా చెదరగొడుతోంది అన్నవాటి ప్రభావం ఉంటుంది, అందుకే నా కన్ను 12, మీ కన్ను 10 అంటే నా కంట్లో రక్తం ఎక్కువ పారుతోందని చెప్పేయకూడదు. అదే కన్ను ముందు 12 ఉండి తర్వాత 10 అయితే, మిగతావన్నీ ఒకేలా ఉంటే, అప్పుడు చెప్పొచ్చు.

స్టెప్ 7: ఎంత మార్పు నిజం మార్పు

మూడు షాట్ల ఎంటీలు 11.2, 11.6, 10.9 అనుకుందాం. సగటు 11.23, స్టాండర్డ్ డీవియేషన్ 0.35, కాబట్టి కోఎఫిషెంట్ ఆఫ్ వేరియేషన్ (సగటులో ఆ డీవియేషన్ ఎంత శాతమో) 3.1 శాతం. బాగా తీసిన డిస్క్ షాట్లలో ఇలా తక్కువ శాతమే రావాలి, పదికి పైన వస్తుంటే కళ్ళని అనే ముందు మీ ఫోకస్, మీ గుండ్రం చూస్కోండి. రెండు కొలతల మధ్య తేడాని నమ్మాలంటే ఆ 0.35ని 2.77తో (రెండు కొలతల తేడాకి 95 శాతం హద్దు ఇచ్చే గుణకం) గుణించండి, 0.97 వస్తుంది, అంటే దాదాపు 9 శాతం కన్నా తక్కువ మార్పుని ఒక్క మనిషిలో మార్పు అనడానికి లేదు. ఒక్కరి మూడు షాట్లతో ఈ లెక్క కచ్చితంగా రాదు, చాలామంది డేటా కలిపి, వేరే రోజుల్లో తీసినవి కూడా కలిపి మీ సొంత మెషీన్‌కి మీరే ఈ అంకె కట్టుకోవాలి.

రెండు కళ్ళనీ ఇద్దరు మనుషుల్లా లెక్కలో వెయ్యకండి. ఒక మనిషి రెండు కళ్ళూ ఒకే గుండె, ఒకే బీపీ మీద నడుస్తాయి, 30 మంది అంటే 60 కళ్ళు కాబట్టి శాంపిల్ 60 అని రాయడం సరికాదు. ఒక కన్ను తీసుకోండి, లేదా మిక్స్‌డ్ మోడల్ (రెండు కళ్ళూ ఒకే మనిషివని లెక్కలోకి తీసుకునే స్టాటిస్టిక్స్ పద్ధతి) వాడండి.

ఆరోగ్యమైన కన్ను ఎలా స్పందిస్తుందో చూడాలంటే

రెస్ట్‌లో తీసిన అంకె ఒక్కటే సరిపోకపోతే ఏదో ఒక కదలిక ఇచ్చి చూడొచ్చు. చేత్తో గ్రిప్ గట్టిగా పట్టించడం, గుంజీల పొజిషన్‌లో కూర్చోబెట్టడం, చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించడం, ఇవన్నీ బీపీని పెంచుతాయి, ఆరోగ్యమైన కన్ను ప్రవాహాన్ని ఎంత దాకా నిలబెట్టుకుంటుందో చూడ్డానికి. ఆక్సిజన్ 100 శాతం పీలిపిస్తే రెటీనా నాళాలు గట్టిగా బిగుసుకుంటాయి, కోరాయిడ్‌లో ఆ స్పందన బాగా తక్కువ. ఇలాంటివి చేసేటప్పుడు ఎథిక్స్ కమిటీ పర్మిషన్, రాతపూర్వక అంగీకారం, పక్కన ఒక డాక్టర్ ఉండాల్సిందే. బీపీని అదే నిమిషంలో కొలవాలి, ఐదు నిమిషాల తర్వాత కొలిస్తే అప్పటికి అది దిగిపోయి ఉంటుంది.

ఫైల్ దాచేటప్పుడు

షాట్‌తో పాటు ఈ వివరాలు ఉండాలి: టైమ్, కనుపాప మందు వేశారా, ఏ కన్ను, ఫిక్సేషన్ పొజిషన్, బీపీ, కంటి ప్రెషర్, ఎవరు తీశారు, ఎవరు గీశారు, సాఫ్ట్‌వేర్ వెర్షన్. వెర్షన్ మారితే థ్రెషోల్డ్ లెక్క మారొచ్చు, పాత షాట్లు కూడా కొత్త వెర్షన్‌లో మళ్ళీ అనలైజ్ చెయ్యండి. అదే మనిషి రెండోసారి వచ్చినప్పుడు గుండ్రం కొత్తగా గీయకండి, మొదటి విజిట్‌లో గీసినదాన్నే కాపీ చేసి రక్తనాళాలు ఒకదాని మీద ఒకటి కరెక్ట్‌గా పడేలా జరిపి పెట్టండి, చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ ఆప్షన్ ఉంటుంది. ఎంత జరిపినా పడకపోతే ఫిక్సేషన్ వేరే పొజిషన్‌లో తీశారని అర్థం, మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే చూసుకుంటే మళ్ళీ తియ్యడానికి రెండు నిమిషాలు పట్టదు.